ఇంజన్‌కి ఎంగిలి అంటుతుందా?

నిమ్మకాయలు, మిరపకాయలు బంపర్‌కి కట్టుకునే వాళ్ళని చూసి నవ్వడం మనకి తేలిక. దసరాకి కారుకి పసుపు బొట్లు పెట్టి, గుమ్మడికాయ పగలగొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించే వాళ్ళ మీద మన సమావేశాల్లో వేసుకున్న జోకులకి లెక్కలేదు. ఈ వ్యాసం వాళ్ళ మీద కాదు. బానెట్ పైన కట్టిన మూఢనమ్మకాన్ని వంద గజాల దూరం నుంచి గుర్తుపట్టి, బానెట్ కింద దూరిన దాన్ని గుర్తుపట్టలేకపోతున్న మన వాళ్ళ మీద.

మన మిత్రుల్లో కారున్న వాళ్ళకి చాలామందికి ఉన్నవి పాత డీజిల్ బళ్ళే. పెట్రోలుకీ డీజిల్‌కీ ధరలో పెద్ద తేడా ఉన్న రోజుల్లో కొన్నవి, లక్ష కిలోమీటర్లు దాటినవి. ఇప్పుడు అవి కాస్త పొగ వదులుతున్నాయి, ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసపడుతున్నాయి. షెడ్డుకి తీసుకెళ్తే రెండు మందులు చెబుతున్నారు. ఒకటి 'డీకార్బనైజేషన్'. రెండోది 'ఇ.జి.ఆర్. మూసెయ్యడం'. నాకు బాగా తెలిసిన హేతువాదులే నలుగురు, బాణామతి లేదని ఊరూరా తిరిగి చెప్పే మనుషులు, ఈ మందులు వాడారు. ఇద్దరికి డబ్బు పోయింది. పోతే పోయింది, వాళ్ళ డబ్బు వాళ్ళిష్టం. మిగతా ఇద్దరు చేసిన పని వాళ్ళ జేబుతో పోయేది కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు విషయం చూద్దాం. డీజిల్ ఇంజన్ పీల్చే గాలి ముందువైపు గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌కి వస్తుంది. అక్కడ దుమ్ము ఆగుతుంది. తర్వాత ఎంత గాలి వెళ్తోందో కొలిచే సెన్సర్. తర్వాత టర్బో ఆ గాలిని నొక్కుతుంది, నొక్కితే వేడెక్కిన గాలిని ఇంటర్‌కూలర్ చల్లబరుస్తుంది. అక్కడి నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే గాలిని ఒక్కో సిలిండర్‌కి పంచే కాలువల పెట్టె. ఈ దారిలో రెండు పక్క కాలువలు కలుస్తాయి. ఇంజన్ అడుగున పుట్టే ఆయిలు ఆవిరిని బయటికి వదలకుండా మళ్ళీ లోపలికి పంపే బ్రీదర్ పైపు ఒకటి. సైలెన్సర్ వైపు వెళ్ళే పొగలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి మానిఫోల్డ్‌లో కలిపే ఇ.జి.ఆర్. వాల్వ్ రెండోది.

పొగని వెనక్కి తేవడం ఎందుకు? మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్. మామూలుగా ఈ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. సిలిండర్‌లో మంట వేడి సుమారు 1,500 డిగ్రీలు దాటిందంటే మాత్రం రెండూ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు తయారవుతాయి. ఊపిరితిత్తుల లోపలి పొరని మండించేవి ఇవే, ఎండలో ఓజోన్‌గా, సన్నని ధూళిగా మారేవి కూడా ఇవే. కాలిపోయిన పొగని కొంచెం కలిపితే ఆక్సిజన్ పాలు తగ్గుతుంది. పొగలోని బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి వేడిని పీల్చుకుంటాయి. మంట చల్లబడుతుంది, విషం తక్కువ పుడుతుంది. ఇంతే కథ. ఇందులో కుట్ర లేదు.

దీనికి ఒక ఖరీదు ఉంది, దాన్ని దాచను. డీజిల్ పొగలో మసి ఉంటుంది. బ్రీదర్ పైపు నుంచి ఆయిలు తుంపర వస్తుంది. రెండూ మానిఫోల్డ్‌లో కలుస్తాయి. మీ వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకి పదేళ్ళుగా పట్టిన జిడ్డు చూశారు కదా, అదే జిడ్డు, ఇంకా నల్లగా, ఇంకా మందంగా అక్కడ పేరుకుంటుంది. ఊరి ట్రాఫిక్‌లో మెల్లగా మాత్రమే తిరిగే బళ్ళలో ఇది ఎక్కువ. కాలువ సన్నబడుతుంది, ఇ.జి.ఆర్. వాల్వ్ ఇరుక్కుపోతుంది. ఇది నిజమైన సమస్య. నిజమైన సమస్య పక్కనే దొంగ మందు దుకాణం తెరుచుకుంటుందని మనకి వేరే చెప్పాలా?

మా ఊళ్ళో ఒక మెకానిక్ నాకు దీన్ని ఒక్క ముక్కలో వివరించాడు. "మాస్టారూ, ఇంజన్ తన ఎంగిలి తనే తింటోంది. తింటే అరుగుతుందా?" అన్నాడు. మంచి పనివాడు, చేతి నైపుణ్యం ఉన్నవాడు, అతని మీద నాకు కోపం లేదు. నాకు ఆశ్చర్యం కలిగించింది ఈ మాట అతని నోట్లోంచి మన మిత్రుల నోట్లోకి ఎంత తేలిగ్గా పాకిందో చూసి. మొన్న ఒక సమావేశంలో టీ తాగుతుండగా ఒక మిత్రుడు అచ్చం ఇదే మాట అన్నాడు. అంటు, ముట్టు, మడి, మైల అన్నీ బూటకమని ముప్పై ఏళ్ళుగా వాదిస్తున్న మనిషి. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి 'ఎంగిలి గాలి' అనగానే ఒళ్ళు జలదరించింది! 'స్వచ్ఛమైన గాలి పీలిస్తేనే ఇంజన్ ఆరోగ్యంగా ఉంటుంది' అన్నాడు. ఇంజన్‌కి ఆరోగ్యం లేదు, ఊపిరితిత్తులు లేవు. దానికి కావలసింది పోసిన డీజిల్‌ని కాల్చడానికి సరిపడా ఆక్సిజన్. డీజిల్ ఇంజన్ మెల్లగా నడుస్తున్నప్పుడు అవసరానికి మించి ఎన్నో రెట్లు గాలి పీలుస్తుంది. అలా మిగిలిపోయే గాలి స్థానంలో కొంత పొగ చేరినందువల్ల దానికి 'ఊపిరాడక' పోవడం అంటూ లేదు. ఎంగిలి అన్న భావన మన తలలో ఉంది, ఆ సిలిండర్‌లో లేదు.

సరే, మొదటి మందు సంగతి. డీకార్బనైజేషన్ పేరుతో ఇప్పుడు రెండు రకాల తంతులు నడుస్తున్నాయి. ఒక దాంట్లో ఇంజన్ నడుస్తుండగా ఏదో ద్రవాన్ని గాలి గొట్టంలోకి చిమ్ముతారు. రెండోది మరీ ముచ్చటగా ఉంటుంది. చక్రాల మీద ఒక పెట్టె, దాని ముందు గాజు గొట్టంలో బుడగలు, మెరిసే నీలం లైట్లు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి వచ్చిన హైడ్రోజన్‌ని, ఆక్సిజన్‌ని ముప్పావు గంట ఇంజన్‌కి పీల్పిస్తారు. ఆ వాయువు 'కార్బన్‌ని కాల్చేస్తుందట'.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడగండి చాలు. కాల్చేది ఎక్కడ? హైడ్రోజన్ మండేది సిలిండర్‌లో. మన జిడ్డు పేరుకున్నది మానిఫోల్డ్‌లో, ఇ.జి.ఆర్. వాల్వ్‌లో, అంటే మంటకి ఎగువన. హైడ్రోజన్ ఆ జిడ్డు పక్కనుంచి చల్లగా దాటిపోయి, తర్వాతెప్పుడో సిలిండర్‌లో మండుతుంది. పొయ్యిలో మంట పెడితే నీళ్ళ ట్యాంకు నుంచి వచ్చే పైపులో పాచి పోతుందా? పదో తరగతి సైన్సు చాలు దీనికి. ద్రవం చిమ్మే పద్ధతి ఇంత పూర్తి అబద్ధం కాదు. మంచి ద్రావకం కొంత జిడ్డుని కరిగిస్తుంది. అయితే కరిగిందో లేదో ఎవరూ తెరిచి చూడరు. ఊడిన పెళ్ళలు ఎక్కడికి పోతాయో ఎవరూ చెప్పరు. పైగా నడుస్తున్న డీజిల్ ఇంజన్‌లోకి మండే ద్రవం ఎక్కువ పోతే అది అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంది. డీజిల్ ఇంజన్‌కి స్పార్కు ప్లగ్గు లేదు, దొరికింది దొరికినట్టు కాల్చుకుంటుంది, తాళం చెవి తిప్పేసినా ఆగదు.

తంతు అయ్యాక చివరి ఘట్టం ఉంటుంది. బండి ఎక్కి గట్టిగా రేజ్ చేస్తారు. వెనకనుంచి నల్లటి పొగ గుప్పున వస్తుంది. "చూశారా సార్, కార్బన్ అంతా బయటికొస్తోంది!" బాబా చేతిలో విభూది చూసినప్పుడు మనం ఏం అడుగుతాం? చెయ్యి ఊపకముందు ఎక్కడుంది అని కదా. ఇక్కడ అది అడగం. ముప్పావు గంట ఊరికే నిలబెట్టి నడిపిన ఏ పాత డీజిల్ బండినైనా ఒక్కసారి గట్టిగా తొక్కండి, పైపులో పట్టిన మసి ఇలాగే ఎగురుతుంది. పెట్టె తగిలించకపోయినా ఎగురుతుంది. తగిలించకుండా చేసి చూపించమని అడిగినవాడు నాకు ఇంతవరకు తగల్లేదు.

'కానీ నాకు తేడా తెలిసిందండీ, బండి తేలిగ్గా లాగుతోంది' అంటారు. తెలుస్తుంది. నాలుగున్నర వేలు కట్టి వచ్చినవాడికి తెలియక చస్తుందా? తాయెత్తు కట్టించుకున్న వాళ్ళకీ తేడా తెలుస్తుంది. అదీకాక షెడ్డులో ఆ పూట ఇంకా ఏం జరిగిందో గమనించండి. ఎయిర్ ఫిల్టర్ మార్చి ఉంటారు, వదులైన క్లాంపులు బిగించి ఉంటారు, టైర్లలో గాలి కొట్టి ఉంటారు. ఒక చేత్తో తాయెత్తు కట్టి, ఇంకో చేత్తో మాత్ర మింగించే వైద్యుడి కథే ఇది. జ్వరం తగ్గిన ఖ్యాతి తాయెత్తుకి.

ఇంధనం పేరుతో మన దేశంలో జరిగిన మోసాలు కొత్తవి కావు. 1996లో తమిళనాడులో రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు చేస్తానన్నాడు. చదువుకున్న వాళ్ళు, పత్రికలవాళ్ళు, రాజకీయ నాయకులు నోరు వెళ్ళబెట్టారు. అది మూలికల రసం కాదు, పెట్రోలియం పదార్థాల కల్తీయే. 2016లో చెన్నై కోర్టు అతనికి మూడేళ్ళ శిక్ష వేసింది. నడుమ ఇరవై ఏళ్ళు! డీజిల్ పైపుకి అయస్కాంతం తగిలిస్తే మైలేజీ పెరుగుతుందని అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి 'ఇంధన పొదుపు' పరికరాలు వందకి పైగా పరీక్షించింది, మైలేజీని చెప్పుకోదగ్గంత పెంచినది ఒక్కటీ దొరకలేదు.

ఇక నా బండి సంగతి చెబుతాను. గొప్పకి కాదు, కొలవడం అంటే ఏమిటో చెప్పడానికి. నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న చిన్న డీజిల్ కారు, లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది. గట్టిగా తొక్కితే నల్లపొగ, ఎత్తు ఎక్కడానికి బద్ధకం. షెడ్డులో బానెట్ సగం ఎత్తి పైన చెప్పిన రెండు మందులూ రాసిచ్చారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఒక్కసారి ఒక్కటే మార్చాలి అని పిల్లలకి ముప్పై ఏళ్ళు చెప్పాను కాబట్టి అదే చేశాను.

ఏదీ ముట్టుకోకముందే బైపాస్ మీద తెల్లవారుజామున, ఒకే చదును ముక్కలో, మూడో గేరులో 40 నుంచి 80కి ఎన్ని సెకన్లు పడుతుందో ఐదుసార్లు చూశాం. మా అబ్బాయి పక్కన కూర్చుని ఫోన్లో టైము చూశాడు. సగటు 13.6 సెకన్లు. మొదట ఎయిర్ ఫిల్టర్ మార్చాను. తేడా లేదు. ఇది చాలామందికి నచ్చని సంగతి. ఫిల్టర్ మారిస్తే మైలేజీ పెరుగుతుందని మన వాళ్ళంతా నమ్ముతారు. అమెరికాలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాల 2009లో పెట్రోలు కార్ల మీద పరీక్షించి, కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లలో మూసుకుపోయిన ఫిల్టర్ వల్ల మైలేజీ తేడా దాదాపు ఏమీ లేదనీ, తగ్గేది పికప్ అనీ చెప్పింది. ఫిల్టర్ ఉన్నది మైలేజీ కోసం కాదు, ఇసుకరేణువులు పిస్టన్ రింగుల్ని అరగదీయకుండా ఆపడం కోసం.

తర్వాత రబ్బరు గొట్టాలు చూశాను. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్ళే హోస్ అడుగున ఆయిలు మరక. చేత్తో నొక్కితే రెండంగుళాల చీలిక నోరు తెరిచింది. సెన్సర్ లెక్కపెట్టిన గాలి సిలిండర్ దాకా రాకుండా మధ్యలో కారిపోతోందన్నమాట. గాలి ఉందనుకుని కంప్యూటర్ డీజిల్ పోస్తోంది, గాలి చాలక అది మసిగా మారుతోంది. నల్లపొగ అదే, బద్ధకమూ అదే. కొత్త హోస్, క్లాంపులు కలిపి రెండువేల లోపు. మళ్ళీ అదే రోడ్డు మీద ఐదుసార్లు. సగటు 10.4. పొగ దాదాపు పోయింది.

అప్పుడు మానిఫోల్డ్ విప్పాను. రెండు రోజుల పని. బొటనవేలు పట్టాల్సిన కాలువలో చిటికెన వేలు ఇరుక్కుంది. డీజిల్‌లో నానబెట్టి, స్ప్రే కొట్టి, చెక్క పుల్లలతో, నైలాన్ బ్రష్షుతో గీకాను. వచ్చిన జిడ్డుని పాత పళ్ళెంలో పెట్టి వంటింటి తూకం మీద తూస్తే 130 గ్రాములు. (ఆ తూకం మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు మా ఆవిడ. అది మైల కాదు, శుభ్రత. తేడా నాకు తెలుసు.) ఇంజన్ వైపు రంధ్రాల్లో గుడ్డ కుక్కి, పెళ్ళలు లోపల పడకుండా చూసుకోవాలి. పాత గాస్కెట్లు మళ్ళీ వాడకూడదు. గాలి కొలిచే సెన్సర్ మీద ఆ స్ప్రే కొట్టకూడదు, దాని సన్నని తీగని వేలితో తాకకూడదు. ఇ.జి.ఆర్. వాల్వ్ ఇరుక్కుని ఉంది, కడిగాక వేలితో నొక్కితే స్ప్రింగు మీద ఆడింది. ఆడకపోతే కొత్తది వెయ్యాల్సి వచ్చేది, అది వేలల్లో ఉంటుంది.

మళ్ళీ ఐదుసార్లు చూస్తే సగటు 10.1. ఆ ఐదింటిలో ఒకదానికొకదానికి ఉన్న తేడాయే అంత ఉంది కాబట్టి మానిఫోల్డ్ కడగడం వల్ల పికప్ పెరిగిందని నేను చెప్పను. సిగ్నల్ దగ్గర నిలిపినప్పుడు వణుకు తగ్గింది, అది నిజం. మైలేజీ ముందు మూడు ట్యాంకులు, తర్వాత మూడు ట్యాంకులు నిండుగా కొట్టించి లెక్క వేశాను. పదిహేడు నుంచి పద్ధెనిమిదిన్నర మధ్య అటూ ఇటూ ఊగింది, ముందూ అంతే, తర్వాతా అంతే. రెండు రోజులు వంగి నడుము పట్టేసినవాడికి 'అబ్బ, రెక్కలొచ్చినట్టు లాగుతోంది' అనాలని ఎంత ఉంటుందో నాకు తెలుసు. కాగితం మీద అంకె ఒప్పుకోలేదు. ఇరుక్కున్న వాల్వ్ ఆడుతోంది, కాలువ తెరుచుకుంది. ఆ పనికి ఆ ఫలితం చాలు. కొన్ని ఇంజన్లలో ఇంతకంటే ఎంతో దారుణంగా మూసుకుపోతుంది, అక్కడ తేడా ఎక్కువే కనిపిస్తుంది. అయితే విప్పి చూస్తేనే తెలుస్తుంది.

ఫిల్టర్ గురించి ఒక్క మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. కాగితం ఫిల్టర్‌ని ప్రతి సర్వీసుకీ నేలకేసి కొట్టి, కంప్రెసర్ గాలితో ఊది మళ్ళీ పెట్టడం మన షెడ్డుల్లో ఆచారం. కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికంటే సన్నని దుమ్ముని బాగా ఆపుతుంది, పట్టిన దుమ్మే జల్లెడగా పనిచేస్తుంది. కంప్రెసర్ ఒత్తిడికి కాగితం చిల్లు పడితే మాత్రం లోపలికి పోయేది ఇసుకే. మూసుకుపోయిన ఫిల్టర్ కంటే చిరిగిన ఫిల్టర్ ప్రమాదం. గడువు రాగానే కొత్తది వెయ్యండి, ఉన్నదాన్ని శుద్ధి చెయ్యకండి. ఒకాయన కారులో ఫిల్టర్ డబ్బా తెరిస్తే నాలుగు ఎండిన బంతిపూల రేకులు దొరికాయి, దసరా దండలోంచి లోపలికి లాక్కుందన్నమాట. దేవుడు కాపాడాడో లేదో కానీ ఫిల్టర్ మాత్రం కాపాడింది.

ఇప్పుడు రెండో మందు. ఇ.జి.ఆర్. గొట్టానికి మధ్యలో ఒక రేకు ముక్క పెట్టి బిగిస్తారు. వెయ్యి, పదిహేను వందలు. పొగ వెనక్కి రాదు, మానిఫోల్డ్‌లో మసి పట్టదు. ఆ మాట నిజమే. అబద్ధం చెప్పి అమ్మే సరుకు కాదిది, పనిచేసే సరుకు. అందుకే డీకార్బనైజేషన్ పెట్టె కంటే దీని మీదే నాకు ఎక్కువ అభ్యంతరం.

ఎందుకంటే మసి ఆగింది నా మానిఫోల్డ్‌లో, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగింది నా వెనక స్కూటర్ మీద వస్తున్న మనిషి ముక్కులో. మన బి.ఎస్.4 చిన్న డీజిల్ కార్లలో ఈ విషాన్ని తగ్గించే ప్రధాన ఏర్పాటు ఇ.జి.ఆర్. ఒక్కటే. తర్వాత 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బళ్ళలో అదనంగా వేరే ఏర్పాట్లున్నాయి, పాత బళ్ళలో లేవు. ఆ ఒక్కటీ మూసేస్తే ఇంకేమీ మిగలదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగలో మరో విషాన్ని చేతులారా పెంచడం ఏ హేతువు?

'పికప్ పెరిగిందండీ' అంటాడు మిత్రుడు. పూర్తిగా తొక్కినప్పుడు కంప్యూటర్ ఆ వాల్వ్‌ని ఎలాగూ మూసేస్తుంది. అది తెరుచుకునేది మెల్లగా, మధ్యస్థంగా నడిపేటప్పుడు. అప్పటికే మూసి ఉన్న తలుపుకి తాళం వేస్తే లోపల చోటు పెరుగుతుందా? నిజంగానే పెరిగిందంటే వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉందన్నమాట. దానికి మందు కడగడం, లేదా మార్చడం. పన్ను నొప్పి పెడితే నోరు కుట్టేయరు కదా.

'పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది, ఇంకేం?' అంటాడు ఇంకో మిత్రుడు. వస్తుంది. మన దగ్గర డీజిల్ బండికి చేసే పరీక్ష పొగ ఎంత నల్లగా ఉందో మాత్రమే చూస్తుంది. నైట్రోజన్ ఆక్సైడ్లని కొలవదు. ఇ.జి.ఆర్. మూస్తే పొగ నలుపు కొంచెం తగ్గవచ్చు కూడా. అంటే విషం పెరిగిన బండి ఇంకా బాగా పాసవుతుంది. సర్టిఫికెట్ ఉంది కాబట్టి నిజం అనడం, గ్రంథంలో ఉంది కాబట్టి నిజం అనడం వేరువేరు వాదనలా?

చాలా బళ్ళలో రేకు పెట్టగానే గాలి లెక్క తప్పి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. దానికీ మందుంది, ల్యాప్‌టాప్ తగిలించి ఆ లెక్కే చూడకుండా సాఫ్ట్‌వేర్ మారుస్తారు. ఈ కథ మీకు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. 2015 సెప్టెంబర్‌లో ఫోక్స్‌వ్యాగన్ పట్టుబడింది ఇలాంటి పనికే. పరీక్ష జరుగుతోందని గుర్తుపట్టి అప్పుడు మాత్రం మర్యాదగా ఉండే సాఫ్ట్‌వేర్‌ని ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల కార్లలో పెట్టింది. రోడ్డు మీద కొన్ని కార్లు అనుమతించిన దానికి 40 రెట్ల దాకా నైట్రోజన్ ఆక్సైడ్లు వదిలాయి. అది బయటపడడానికి మూలం వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో కొద్దిమంది పరిశోధకులు కొలిచే పరికరాల్ని కారు వెనక పెట్టుకుని రోడ్ల మీద తిరగడం. పరీక్ష గదిలో కాగితాన్ని నమ్మకుండా రోడ్డు మీద కొలిచారు. ఆనాడు మన మిత్రులంతా ఆ కంపెనీని తిట్టారు, నేనూ తిట్టాను. ఇప్పుడు అదే మోసాన్ని పదిహేను వందలిచ్చి మనమే మన బండికి చేయించుకుంటున్నాం.

'లారీలు వదిలే దాంట్లో నాదెంత?' అన్నాడు నాలుగో మిత్రుడు. దానికి నేను వాదించలేదు. పక్కింటి పూజారి ఇంకా పెద్ద మోసం చేస్తున్నాడు కాబట్టి నా చిన్న మోసం లెక్కలోకి రాదు అనే మాటని మనం ఇంకెక్కడా ఒప్పుకోం.

రాజ్యాంగం 51ఎ(హెచ్) గురించి మనం ప్రతి సభలో చెబుతాం. అందులో శాస్త్రీయ దృక్పథం తర్వాత వెంటనే వచ్చే మాట మానవతావాదం. దాని పైన 51ఎ(జి) ఒకటుంది, ప్రకృతిని కాపాడమంటుంది. అది చదివినవాళ్ళు తక్కువ.

నేను రెండు పనులు చేశాను. మా ఊళ్ళో ఆ బుడగల పెట్టె నడిపే ఆయనకి ఒక ఉత్తరం ఇచ్చాను. కోవూర్ గారిలా లక్ష రూపాయల సవాలు విసిరే స్తోమత నాకు లేదు, షరతులు మాత్రం రాశాను. ఒకే రకం పాత డీజిల్ కార్లు ఆరు తెస్తాం. సన్నని కెమెరాని మానిఫోల్డ్‌లోకి దింపి ముందు ఫోటోలు తీస్తాం. మూడింటికి పెట్టె పూర్తిగా పనిచేస్తుంది, మూడింటికి లైట్లు వెలిగి బుడగలు వస్తాయి కానీ గొట్టం లోపల మూసి ఉంటుంది. ఏది ఏదో డ్రైవర్లకీ, ఫోటోలు చూసేవాళ్ళకీ తెలియదు. తర్వాత మళ్ళీ ఫోటోలు, మళ్ళీ టైము. ఖర్చు మాది. ఉత్తరం తీసుకున్నాడు, ఆలోచించి చెబుతానన్నాడు. నాలుగు నెలలైంది.

రెండో పని ఆ ఇద్దరు మిత్రులతో. రేకు తీసేసి, వాల్వూ మానిఫోల్డూ నేనే దగ్గరుండి కడిగిస్తానన్నాను. ఒకాయన ఒప్పుకున్నాడు, వచ్చే ఆదివారం మా ఇంటి ముందు చెట్టు కింద ఆ పని. రెండో ఆయన 'ఆలోచిద్దాంలే' అంటున్నాడు. ఆయన బండికి సరిపోయే గాస్కెట్ 180 రూపాయలు, అది కూడా కొని ఉంచాను.